హౌసింగ్ పైనుంచి తిప్పిన సైలెన్సర్ పైపు: కొన్నేళ్లు వాడాక

మా జీపు మీద పెట్టిన ఖర్చుల్లో నాకు బాగా నచ్చింది ఇదే: సైలెన్సర్ పైపుని వెనక హౌసింగ్ (వెనక చక్రాల మధ్య ఇరుసుని కప్పే ఇనుప గొట్టం) కింద నుంచి కాకుండా పైనుంచి, ఛాసిస్ (బండి అడుగు ఫ్రేము) లోపలి పక్కగా తిప్పించడం. పాత డీజిల్ బండి, తిరిగేది నర్సీపట్నం, లంబసింగి, చింతపల్లి, అక్కడి నుంచి కాఫీ తోటలకు వెళ్లే మట్టిదారులు. పాత ఓనరు వేయించిన పైపు కిందకి వేలాడుతూ ఉండేది, వానాకాలం దారిలో చక్రాల గాడులు లోతైతే ప్రతి రాయీ ముందు దానికే తగిలేది, హ్యాంగర్ రబ్బర్లు తెగేవి. ఇప్పుడు అవే రాళ్ల మీద కింద చప్పుడు లేకుండా వెళ్తుంటే చాలా హాయిగా ఉంది.

కానీ మొదటిసారి చేసిన పని నిలబడలేదు. ఆ షాపువాళ్లు ఛాసిస్ కింద జాకీ పెట్టి బండి ఎత్తి, చక్రాలు గాల్లో ఉండగా పైపు కొలిచారు. అలా ఎత్తితే హౌసింగ్ బరువుకి కమాన్ పట్టీలతో సహా కిందకి దిగిపోతుంది కదా, పైన బోలెడు ఖాళీ కనిపిస్తుంది. ఖాళీ బండితో తిరిగినన్నాళ్లు ఏమీ తెలియలేదు. కాఫీ గింజల బస్తాలు వేసుకుని లంబసింగి ఘాట్ దిగుతుంటే మొదలైంది, గుంట పడ్డప్పుడల్లా హౌసింగ్ పైకి లేచి పైపుని గుద్దడం. సగం దారిలో మ్యానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగ బయటికొచ్చే చోటు) దగ్గరి ఫ్లాంజ్, అంటే పైపుల్ని బోల్టులతో కలిపే పట్టీ, వెల్డింగ్ పగిలింది, పొగ లోపలికే. సైలెన్సర్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన కూడా ఉండదు, అందుకే చలిలోనే పక్క టాపు గుడ్డలు ఎత్తేసి నెమ్మదిగా దింపాను. ఆ షాపుకి వెళ్లి అడిగితే బరువు వేయడం వల్లే అన్నారు. జీపు మీద బరువు వేయకపోతే ఇంకెందుకు?

తర్వాత చేసిన మేస్త్రీ బండిని నేల మీదే ఉంచి, బస్తాలు వేయించి, హౌసింగ్ బంప్ స్టాపర్‌కి (ఇంకా పైకి లేవకుండా ఆపే రబ్బరు దిమ్మకి) తగిలేదాకా లేస్తే ఎక్కడికొస్తుందో గుర్తు పెట్టుకుని అప్పుడు బెండు తీశాడు. ఇంజిన్ దగ్గర ఫ్లెక్సిబుల్ ముక్క పెట్టాడు, పైపుని ఛాసిస్‌కి నేరుగా వెల్డింగ్ పెట్టకుండా రబ్బర్ల మీదే వేలాడదీశాడు. రెండు మీటర్ల ఉక్కు పైపు 300 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 7 మిల్లీమీటర్లు సాగుతుంది, బిగించేస్తే ఎక్కడో ఒకచోట పగలాల్సిందే. డీజిల్ లైనుకి కూడా బాగా ఎడం ఇచ్చాడు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల్లో ఇంధన లైనుకి 35 మిల్లీమీటర్ల లోపు పైపు ఉండకూడదని ఉంది.

ఛాసిస్‌కే రంధ్రం చేసి పైపు దూర్చేయమని నాకు చెప్పినవాళ్లూ ఉన్నారు. నేను ఒప్పుకోలేదు. ఛాసిస్ వంగేటప్పుడు ఎక్కువ ఒత్తిడి పడేది పై అంచు, కింది అంచు మీద. నిలువు రేకు మధ్యలో చిన్న రంధ్రం పెద్ద నష్టం కాకపోవచ్చు గానీ, రెండంగుళాల పైపు కదలడానికి కూడా చోటిస్తూ కోస్తే అంచుల దగ్గరికి వచ్చేస్తుంది. బరువులు మోసే బండికి అది వద్దు.

హాయిగా ఉందన్నాను గానీ, బెండు పైకి జరిగాక వెనక సీటు కింద రేకు వేడెక్కుతోంది. మధ్యలో హీట్ షీల్డ్ వేయించినా ఎండాకాలం మైదానంలో వెనక కూర్చున్నవాళ్లకి కాళ్లు కాలుతున్నాయి, మా అమ్మయితే ముందు సీటే అడుగుతుంది. ఇంకొకటి, ఒకే ముక్కగా ఉంటే పైపు విప్పాలన్నప్పుడల్లా హౌసింగ్ దించాలి, అందుకని హౌసింగ్‌కి ముందొకటి, వెనకొకటి ఫ్లాంజ్ జాయింట్లు తర్వాత పెట్టించాల్సి వచ్చింది. ఆ ఖర్చు వేరే.

మాలాగా బరువుతో కొండదారులు తిరిగేవాళ్లయితే చేయించుకోమంటాను. టౌన్లో తారు రోడ్డు మీద తిరిగే బండికి కింది పైపే నయమేమో, విప్పడం తేలిక, వేడీ తక్కువ. చేయించేటట్టయితే మాత్రం మీరు మామూలుగా మోసే బరువు బండిలో వేసుకునే షాపుకి వెళ్లండి.