పబ్బులో దేవుడి గురించి మాట్లాడుకునే చోట్లు: కేంబ్రిడ్జ్, ఆక్స్‌ఫర్డ్, రీడింగ్

ఇంగ్లండులో కొన్ని చర్చీలవాళ్లు తమ పేటలోని పబ్బులో ఓ సాయంత్రం కూర్చుని ప్రార్థన, చావు, క్షమాపణ లాంటి విషయాల మీద మాట్లాడుకుంటారు. పాటలు, ప్రసంగం, చందా సంచి ఏవీ ఉండవు. నమ్మకం ఉన్నవాళ్లూ రావచ్చు, లేనివాళ్లూ రావచ్చు. అమెరికాలో కాథలిక్కులు యువత కోసం ఇలాంటిదే 1981లో షికాగో దగ్గరి ఆర్లింగ్టన్ హైట్స్‌లో 'థియాలజీ ఆన్ ట్యాప్' అనే పేరుతో మొదలుపెట్టారు. గుంటూరులో లూథరన్ ఇంట్లో పెరిగిన నాకు దీన్ని దగ్గర నుంచి చూడాలని ఎప్పటినుంచో కోరిక. మా తమ్ముడు రీడింగ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు కాబట్టి మావారూ నేనూ బయల్దేరాం.

ముందు కేంబ్రిడ్జ్ వెళ్లాం. లండన్ కింగ్స్ క్రాస్ నుంచి ఫాస్ట్ రైలు గంటలోపే చేరుస్తుంది. 1520లలో ఇక్కడ 'వైట్ హార్స్' అనే సత్రంలో జర్మనీ మతసంస్కర్త మార్టిన్ లూథర్ రాతల మీద చర్చలు జరిగేవి. రాబర్ట్ బార్న్స్, థామస్ బిల్నీ, హ్యూ లాటిమర్ లాంటివాళ్లు అక్కడ కూడేవారని చెబుతారు. జర్మనీ నుంచి వచ్చిన మతం మాట్లాడుకునే చోటని ఊళ్లోవాళ్లు దానికి 'లిటిల్ జర్మనీ' అని పేరు పెట్టారు. ఆ భవనం ఇప్పుడు లేదు. కింగ్స్ కాలేజీ పక్కన గోడకు ఒక నీలం పలక మాత్రం ఉంది. దానికోసమే కేంబ్రిడ్జ్ రమ్మని నేను చెప్పను. లూథరన్లు మాత్రం అక్కడ ఓ ఐదు నిమిషాలు నిలబడండి. బిల్నీని 1531లో, బార్న్స్‌ని 1540లో సజీవంగా కాల్చేశారు. ఆ బల్లల దగ్గర అన్న మాటలకు అంత ఖరీదు కట్టారు.

అక్కడికి దగ్గర్లోనే బెనెట్ స్ట్రీట్‌లో 'ఈగిల్' పబ్బు ఉంది. డీఎన్ఏ నిర్మాణాన్ని కనిపెట్టామని 1953లో ఫ్రాన్సిస్ క్రిక్ ప్రకటించింది ఇక్కడే. రెండో ప్రపంచ యుద్ధం నాటి వైమానిక సైనికులు పైకప్పు మీద రాసిన పేర్లు ఇప్పటికీ కనిపిస్తాయి. తప్పకుండా చూడండి. పేరున్న చోటు, జనం ఎక్కువ, నెమ్మదిగా మాట్లాడుకోవడానికి కుదరదు.

ఆక్స్‌ఫర్డ్‌కి రెండు రోజులు పెట్టుకోండి. కేంబ్రిడ్జ్ నుంచి నేరుగా రైలు లేదు, లండన్ మీదుగా రావడమే తేలిక. ప్యాడింగ్టన్ నుంచి దాదాపు గంట ప్రయాణం. యూనివర్సిటీ సెలవుల్లో చాలా కాలేజీలు విద్యార్థుల గదులను అద్దెకిస్తాయి. మేము అలాంటి గదిలోనే దిగాం. లిఫ్ట్ లేదు, మెట్లు నిటారుగా ఉన్నాయి, స్నానాల గది ఇంకొకరితో పంచుకోవాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింది అంతస్తు గది కావాలని ముందే అడగాలి. అయితే పొద్దున్నే పాత భోజనశాలలో, పొడుగాటి బల్లల దగ్గర చేసే టిఫిన్ మామూలు హోటల్లో దొరకదు. అంతకుముందు లండన్‌లో మేము దిగిన ఒక చిన్న హోటల్లో ఎక్కువ డబ్బు తీసుకుని కిటికీ కూడా తెరుచుకోని గది ఇచ్చారు. దానితో పోలిస్తే కాలేజీ గది చాలా నయం.

ఆక్స్‌ఫర్డ్‌లో నన్ను ఎక్కువసేపు ఆపింది సెయింట్ గైల్స్ వీధి. కేంబ్రిడ్జ్ సత్రంలో కూర్చున్నారని చెప్పే లాటిమర్‌ను 1555లో ఈ ఊళ్లోనే కాల్చారు. బ్రాడ్ స్ట్రీట్‌లో ఆ చోట రాళ్లతో సిలువ గుర్తు పెట్టారు. సెయింట్ గైల్స్ వీధి మొదట్లో లాటిమర్ లాంటివాళ్ల జ్ఞాపకార్థం 1843లో పూర్తయిన స్తంభం ఉంది. అక్కడి నుంచి కొద్ది దూరం నడిస్తే ఒకవైపు 'ఈగిల్ అండ్ చైల్డ్', ఎదురువైపు 'లాంబ్ అండ్ ఫ్లాగ్'. రచయితలు సి.ఎస్. లూయిస్, టోల్కీన్, వాళ్ల స్నేహితులు వారానికోసారి కలిసి మాట్లాడుకున్న పబ్బులివి. లూయిస్ నాస్తికత్వం వదిలి క్రీస్తును నమ్మడంలో ఆ స్నేహితుల వాదనలకు పెద్ద పాత్రే ఉంది. 1931లో ఒక రాత్రి మాడ్లిన్ కాలేజీ తోటలో నడుస్తూ టోల్కీన్, మరో స్నేహితుడు డైసన్ లూయిస్‌తో చాలాసేపు మాట్లాడారు. ఆ నడకదారి ఇప్పటికీ ఉంది. టికెట్ కొని వెళ్లవచ్చు.

'ఈగిల్ అండ్ చైల్డ్' 2020లో మూతపడింది కాబట్టి వెళ్లేముందు దాని సంగతి కనుక్కోండి. 'లాంబ్ అండ్ ఫ్లాగ్' కూడా మూతపడితే ఊరివాళ్లే పూనుకుని 2022లో మళ్లీ తెరిపించారు. మధ్యాహ్నం వేళ అక్కడ సందడి తక్కువ, కూర్చోవడానికి బాగుంటుంది.

అసలు నేను వెతుక్కుంటూ వచ్చింది మాత్రం రీడింగ్‌లో దొరికింది. లండన్ నుంచి ఎలిజబెత్ లైన్ రైల్లో వస్తే లండన్ ప్రయాణాలకు వాడే ఆయిస్టర్ కార్డు అక్కడిదాకా చెల్లదు, కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డు వాడాలి. మా తమ్ముడి ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో ఓ పబ్బు ఉంది. గుమ్మం దగ్గర నేను ఆగిపోతే, "అక్కా, ఇది మన బ్రాందీ షాపు లాంటిది కాదు, రా" అన్నాడు. వాడికి చెప్పడం తేలికే. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడిన రోజుల్లో పెరిగినదాన్ని నేను. తాగుడు సంసారాలను ఏం చేస్తుందో చూశాను. మా సంఘంలో సీసా ముట్టుకున్న మనిషిని ఇప్పటికీ వేరుగానే చూస్తారు, అందులో నాకు తప్పేమీ కనిపించదు.

లోపల వెనక గది ఇచ్చారు. అద్దె తీసుకోరు. వారం మధ్యలో బేరాలు తక్కువ కాబట్టి పాతికమంది వచ్చి తలా ఒకటి కొంటే పబ్బుకు అదే చాలు. బల్ల దగ్గరికి ఎవరూ రారు, బారు దగ్గరికి వెళ్లి మనమే అడిగి తెచ్చుకోవాలి. పింట్ బీరు ఐదారు పౌండ్లుంది. నేను లైమ్ సోడా తెచ్చుకున్నాను, వింతగా చూసినవాళ్లెవరూ లేరు. వంటగది రాత్రి తొమ్మిదికల్లా మూసేస్తారు, కాబట్టి ముందే తినేయండి. కాల్చిన బంగాళాదుంప మీద చీజ్, చిక్కుడు గింజలు వేసి ఇస్తారు. శాకాహారులకు అది చాలు.

నడిపించినావిడ ఆంగ్లికన్ చర్చిలో కొత్తగా చేరిన పాస్టరమ్మ, మామూలు బట్టల్లో వచ్చారు. ఆ రోజు ప్రశ్న: క్షమించమని అడగనివాణ్ణి క్షమించాలా? అది అడిగి ఆవిడ ఊరుకున్నారు. ఆ ఊరుకోవడం నాకు చాలా నచ్చింది. మన దగ్గర పాస్టరు ప్రశ్న వేస్తే జవాబు కూడా ఆయనే చెబుతారు. ఇక్కడ ఒక నర్సు, రైల్వేలో రిటైరైన పెద్దాయన, టాక్సీ నడిపే సర్దార్జీ, దేవుడే లేడనే కుర్రాడు ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. ఎవరైనా మరీ సాగదీస్తే పాస్టరమ్మ పక్కవాళ్ల వైపు తిరిగి, "మీరేమంటారు?" అని అడిగేవారు. ఆ పెద్దాయన తన అన్నతో ముప్పై ఏళ్లుగా మాటల్లేవని చెప్పినప్పుడు ఎవరూ బైబిలు వాక్యం ఎత్తి బుద్ధి చెప్పలేదు. నర్సు ఆయన చెయ్యి పట్టుకుంది, అంతే. చర్చి బెంచీ మీద పక్కపక్కన కూర్చుని ఆయన ఆ మాట చెప్పగలిగేవాడా అని ఇప్పటికీ ఆలోచిస్తున్నాను.

ఒక్క విషయంలో నాకు అభ్యంతరం ఉంది. తాగుడు మానేసి నిలదొక్కుకుంటున్నవాళ్లు, మద్యం ఉన్న చోట కాలు పెట్టని ముస్లింలు ఈ గదిలోకి రాలేరు. ఆ సంగతే పాస్టరమ్మతో అంటే, అందుకే ఒక నెల పబ్బులో, ఒక నెల కాఫీ షాపులో పెడుతున్నామన్నారు. మళ్లీ వెళ్తే కాఫీ షాపు నెల చూసుకుని వెళ్తాను.

మీరూ వెళ్లాలనుకుంటే దిగిన పేటలోని చర్చి నోటీసు బోర్డు చూడండి, లేదా ఆదివారం ఆరాధన అయ్యాక టీ దగ్గర అడగండి. గది చిన్నది, సంగీతం ఆపేస్తారు అన్నవాళ్ల దగ్గరికి వెళ్లండి. పెద్ద టీవీలో ఫుట్‌బాల్ చూపించే పబ్బు అయితే మానేయండి. మొదటి అరగంట ఏమీ మాట్లాడకుండా కూర్చున్నా ఎవరూ ఏమీ అనుకోరు.