సగం తీపి స్పానిష్ వైట్ వైన్: భోజనానికి వియూరా మేలా, మోస్కాతెల్ మేలా?

స్పెయిన్ వైట్ వైన్ల ప్రస్తావన వచ్చినప్పుడల్లా పాఠకులు అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే: భోజనంతో పాటు తాగడానికి రియోహా ప్రాంతపు వియూరా ద్రాక్షతో చేసిన సగం తీపి వైన్ కొనాలా, మధ్యధరా తీరపు మోస్కాతెల్‌తో చేసినది కొనాలా? సీసా మీద ‘సెమిదుల్సే’ (సగం తీపి) అని ఉన్నాక రెండూ ఒకటే కదా అన్న అనుమానమూ అందులో దాగి ఉంటోంది.

ఒకటి కావు. యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం ఆ మాటకు లీటరుకు 45 గ్రాముల చక్కెర పైహద్దు. కింది హద్దు మామూలుగా 12 గ్రాములు. అయితే పులుపు తగినంత ఉన్న వైన్‌లో 18 గ్రాముల చక్కెర ఉన్నా దానిని ‘సెమిసెకో’ అనే తక్కువ తీపి తరగతిలోనే అమ్ముకోవచ్చు. అంటే పులుపు తీపిని అణచివేస్తుందన్న సంగతిని చట్టమే ఒప్పుకుంది.

నా దృష్టిలో కూడా ఈ ఎంపికను తేల్చేది చక్కెర కాదు, దానికి దీటుగా నిలిచే పులుపు. ద్రాక్షరసం పూర్తిగా పులియకముందే దానిని బాగా చల్లబరచి, ఈస్ట్‌ను వడగట్టి తీసివేస్తారు గనుక పులియని చక్కెర వైన్‌లో మిగిలిపోతుంది; పులుపు చాలినంత ఉంటే ఆ తీపి నాలుక మీద నిలవక తరువాతి ముద్దకు నోటిని సిద్ధం చేస్తుంది, లేకపోతే మూడో గుక్కకే పానకం తాగినట్లు ఉంటుంది. పులుసులో బెల్లం ముక్క వేసే ఇళ్లకు ఈ లెక్క కొత్త కాదు.

కతలోనియాలో మకబేవో అని పిలిచే వియూరా, బుడగలు పొంగే కావా వైన్‌కు వాడే మూడు ప్రధాన ద్రాక్షల్లో ఒకటి. ఆపిల్, నిమ్మ తొక్కలను తలపించే దాని వాసన మెత్తనిది. తగిన సమయంలో కోస్తే పులుపూ నిలుస్తుంది. రియోహాలోని లోగ్రోన్యో నగరంలో 1890లో మొదలైన బోదేగాస్ ఫ్రాంకో-ఎస్పాన్యోలాస్ అనే వైన్ సంస్థ వారి ‘దియామాంతే’ ఈ కోవకు పేరుపడ్డ ఉదాహరణ. అదే ఊరి లౌరెల్ వీధిలో పెనం మీద కాల్చి, వెల్లుల్లి నూనె పోసి, పైన చిన్న రొయ్యను గుచ్చి ఇచ్చే పుట్టగొడుగులకు ఇలాంటి వైన్ చక్కగా జతపడుతుంది, ఎందుకంటే ఇది వెల్లుల్లిని కప్పివేయదు. ఉత్తర స్పెయిన్‌లోని అస్తూరియాస్ గుహల్లో మాగిన కబ్రాలెస్ నీలి చీజ్ ఉప్పదనానికైతే ఇంతకన్నా మంచి తోడు నాకు తెలియదు.

మోస్కాతెల్ బలం వాసనలో ఉంది. గెవుర్ట్స్‌ట్రామినర్ అనే మరో ద్రాక్షతో కలిపి చేసే, తోర్రెస్ వైన్ సంస్థ వారి ‘వీన్యా ఎస్మెరాల్దా’లో గులాబీ, నారింజ పూల పరిమళం గ్లాసు ఎత్తకముందే తెలుస్తుంది. విడిగా తాగడానికి అది హాయిగానే ఉంటుంది, అల్లమో కొబ్బరిపాలో ఉన్న వంటకాలకు బాగా కుదురుతుంది కూడా. కానీ వేడి ప్రాంతాల్లో బాగా పండిన మోస్కాతెల్‌లో పులుపు తగ్గుతుంది. అప్పుడు మిగిలే తీపీ పరిమళమూ కలిసి, మల్లెపూలు కుప్పపోసిన గదిలో అన్నం తిన్న అనుభవాన్ని కలిగిస్తాయి.

మన కారం సంగతి వేరుగా చెప్పాలి. చక్కెర మిరప మంటను కొంత తగ్గిస్తుంది, ఆల్కహాల్ ఆ మంటను పెంచుతుంది. కాబట్టి కారపు వంటకాలకు 13 శాతం దాటిన సీసాను పక్కన పెట్టి, 11–12 శాతం ఉన్నదాన్ని ఎంచుకోవాలి. ఈమధ్య మా ఇంట్లో కోడి వేపుడుతో పాటు రెండు రకాలూ తెరిచాను; ముందు ఖాళీ అయినది వియూరా సీసానే. అంతకు ముందు ఒకసారి వెర్దెహో అనే మరో స్పానిష్ ద్రాక్షతో చేసిన తీపి లేని వైన్ పెట్టి అతిథులను మంచినీళ్ల కోసం పరుగులెత్తించిన అనుభవం కూడా ఉంది.

స్పెయిన్‌లోని రువేదా ప్రాంతంలో వెర్దెహోతో చేసే సగం తీపి వైన్లు కూడా దొరుకుతాయి. చివర కాస్త చేదు తగులుతుంది, మేక చీజ్‌కు పరవాలేదు. తీపి వంటకాలతో మాత్రం వీటిలో ఏదీ వద్దు: వంటకం వైన్‌కన్నా తియ్యగా ఉంటే వైన్ పులిసిన నీళ్లలా తోస్తుంది.

ఏది కొన్నా 8 డిగ్రీల దగ్గరకు చల్లబరచాలి. భోజనం బల్ల మీద నేను వియూరానే పెడతాను. వడ్డన ఆలస్యమై అతిథులు వరండాలో కబుర్లు చెప్పుకొంటున్న సాయంత్రాల కోసం ఒక మోస్కాతెల్ సీసా కూడా ఫ్రిజ్‌లో ఉంచుతాను.