పెళ్ళి కుదిరిన మేడ, కాపురం చేసిన ప్యాలెస్ – కాన్సువేలో కోసం మేం చేసిన రెండు యాత్రలు

పోయినేడు అక్టోబరులో పెద్దమ్మాయి దగ్గరికి బోస్టన్ వెళ్ళినప్పుడు న్యూపోర్ట్‌లో మార్బుల్ హౌస్ చూశాం, ఈ ఏడు మే నెలలో ఇంగ్లండ్‌లో చిన్నమ్మాయి ఉండే రీడింగ్ అనే ఊళ్ళో ఉన్నప్పుడు బ్లెన్‌హీమ్ ప్యాలెస్ చూశాం. మొదటిదానికి ఏదో ఊరు చూసొద్దామని వెళ్ళాం, రెండోదానికి మాత్రం కాన్సువేలో వాండర్‌బిల్ట్ కోసమే, అంటే తల్లి బలవంతం మీద ఇంగ్లండ్ డ్యూక్‌ని చేసుకున్న అమెరికా కోటీశ్వరుల పిల్ల కోసమే వెళ్ళాను, ఎందుకంటే న్యూపోర్ట్‌లో ఆ పిల్ల గది చూసొచ్చిన దగ్గర్నుంచి నాకు మనసులో అదే తిరుగుతోంది. వెళ్ళాలనుకునేవాళ్ళకి పనికొస్తుందని రెండూ కలిపి రాస్తున్నా.

బోస్టన్ నుంచి న్యూపోర్ట్‌కి కారులో గంటన్నర పైనే పట్టింది. శనివారాలు అక్కడ రూముల రేట్లు మనవల్ల కాదు, అందుకే పొద్దున్నే పులిహోర, పెరుగన్నం కట్టుకుని బయల్దేరి రాత్రికి వెనక్కి వచ్చేశాం. ఒడ్డున హోటళ్ళలో అన్నీ చేపలూ రొయ్యలే, శాకాహారులు మాలాగే బాక్సులు తెచ్చుకోవడం మేలు. క్లిఫ్ వాక్ అని సముద్రం వెంట 5 కిలోమీటర్ల పైన నడకదారి ఉంది, మావారికి మోకాళ్ళ నొప్పి కాబట్టి కాస్త దూరం నడిచి ఆగిపోయాం, ఆ కాస్తే చాలా బావుంది.

మార్బుల్ హౌస్ 1892లో పూర్తయింది. అప్పట్లోనే కోటీ పది లక్షల డాలర్లయిందట, అందులో 70 లక్షలు ఒక్క పాలరాతికే. వేసవిలో కొన్ని వారాలుండటానికి కట్టుకున్న ఇల్లు అది. కాన్సువేలో తండ్రి విలియం వాండర్‌బిల్ట్ దాన్ని భార్య ఆల్వాకి పుట్టినరోజు కానుకగా ఇచ్చాడు. కాన్సువేలో ముత్తాత ఓడలతో మొదలుపెట్టి రైల్వేల దాకా ఎదిగినవాడు, డబ్బుకి లెక్కలేదు. బంగారు పూత బాల్‌రూమ్‌లో అందరూ ఫోటోలు దిగుతుంటారు, మీరు మాత్రం గోతిక్ రూమ్‌లో కాసేపు నిలబడండి. రంగుటద్దాల్లోంచి వెలుగు లోపలికి సగమే వస్తుంది, చర్చిలో ఉన్నట్టుంటుంది. 1895లో బ్లెన్‌హీమ్ ప్యాలెస్ యజమాని మార్ల్‌బరో డ్యూక్ ఈ పిల్లని పెళ్ళాడతావా అని అడిగింది ఆ గదిలోనే.

అప్పటికి ఆమెకి పద్దెనిమిదేళ్ళు, మనసు విన్‌త్రాప్ రదర్‌ఫర్డ్ అనే అబ్బాయి మీద ఉంది. ఆ సంగతి తెలిసి తల్లి కట్టడి చేసింది, ఉత్తరాలు కూడా అందనివ్వలేదు, నీ మొండితనం వల్ల నాకు గుండెపోటు వచ్చిందని మంచం పట్టింది. ఈ మాట ఆడియో గైడ్‌లో వింటుంటే నేనక్కడే ఆగిపోయా, మా ఊళ్ళో ఇదే మాటతో ఒప్పించిన సంబంధాలు నా చిన్నప్పుడు ఎన్ని చూశానో. పైన కాన్సువేలో పడకగది ఉంది చూడండి, మంచం నుంచి బల్ల మీద వస్తువు దాకా తల్లి ఏరినవే, పిల్లది అంటూ ఒక్కటి లేదు. చిన్నప్పుడు నిటారుగా కూచోవాలని వీపుకి ఇనుప కడ్డీ కట్టి చదివించేవారట. అదే తల్లి తర్వాత ఆడవాళ్ళ ఓటుహక్కు కోసం గట్టిగా పోరాడింది, వెనక సముద్రం వైపు కట్టించిన చైనీస్ టీ హౌస్ దగ్గరే సభలు పెట్టింది. పెద్దమ్మాయికి ఇది అస్సలు మింగుడు పడలేదు, బోస్టన్ దాకా కారులో మాకు ఇదే చర్చ.

1895 నవంబరు 6న న్యూయార్క్‌లో పెళ్ళి. ఆ పొద్దున గది బయట మనిషిని కాపలా పెట్టారు, ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోతే అవి తగ్గాక ఆలస్యంగా చర్చికి తీసుకెళ్ళారు. కట్నం అంటే మనవాళ్ళదే అనుకుంటాం గానీ ఇక్కడ కాగితాల మీద రాసుకున్న కట్నం, 25 లక్షల డాలర్ల విలువైన 50 వేల బీచ్ క్రీక్ రైల్వే షేర్లు, ఏటా 4 శాతం గ్యారంటీతో, అది కాక మొగుడికీ పెళ్ళానికీ విడివిడిగా ఏటా లక్ష డాలర్లు. డ్యూక్‌కి బిరుదుంది, ప్యాలెస్ ఉంది, దాన్ని నిలబెట్టే డబ్బు లేదు. పెళ్ళయ్యాక డ్యూక్, నేనూ ప్రేమించిన అమ్మాయిని వదులుకుని బ్లెన్‌హీమ్ కోసమే నిన్ను చేసుకున్నానని ఆమెతోనే చెప్పాడట. కాన్సువేలో తన జ్ఞాపకాల్లో రాసుకుంది.

ఇక బ్లెన్‌హీమ్. రీడింగ్ నుంచి ఆక్స్‌ఫర్డ్‌కి రైల్లో అరగంట, అక్కడ్నుంచి ప్యాలెస్ ఉన్న ఊరు వుడ్‌స్టాక్‌కి బస్సు. ఒక్కరోజులో హడావుడి వద్దని ఒక రాత్రి వుడ్‌స్టాక్‌లో గెస్ట్‌హౌస్ తీసుకున్నాం. మావారి మోకాళ్ళ సంగతి బుకింగ్‌లోనే రాసి కింద గది కావాలని అడిగితే సరేనన్నారు, తీరా వెళ్తే రెండో అంతస్తు, ఇరుకు మెట్లు, లిఫ్ట్ లేదు, సూట్‌కేసు ఎత్తడానికి మనిషి కూడా లేడు. రాత్రి కిందకి దిగడం ఎందుకని ఆయన తిండి మానేసి పడుకున్నారు, నాకు చాలా బాధేసింది. ఈ ఊళ్ళో పాత ఇళ్ళన్నీ ఇలాగే ఉంటాయి కాబట్టి రాసి ఊరుకోకుండా ముందురోజు ఫోన్ చేసి గట్టిగా అడగండి. పొద్దున టిఫిన్‌లో మాత్రం టోస్ట్, బీన్స్, పుట్టగొడుగులు వేడివేడిగా కడుపునిండా పెట్టారు. ఓపిక లేనివాళ్ళు ఆక్స్‌ఫర్డ్‌లోనే ఉండి వచ్చిపోవడం సుఖం.

వుడ్‌స్టాక్ ఊరి చివర గేటులోంచి నడిచి వెళ్ళండి, బస్సు స్టాప్ మెయిన్ గేటు దగ్గర ఉందని అటే వెళ్ళకండి. ఆర్చి దాటగానే చెరువు, పెద్ద వంతెన, అవతల ప్యాలెస్ మొత్తం ఒక్కసారిగా కనపడుతుంది. 1896లో కొత్త కోడలు వచ్చినప్పుడు జనం గుర్రాలు విప్పేసి బండిని తామే లాక్కుంటూ ప్యాలెస్ దాకా తీసుకెళ్ళారు.

మొదటి మార్ల్‌బరో డ్యూక్ 1704 ఆగస్టు 13న గెలిచిన యుద్ధానికి బహుమానంగా వచ్చిన స్థలం ఇది, ఇప్పటికీ ఏటా అదే తేదీకి రాజుగారికి ఒక పట్టు జెండా అద్దెగా పంపాలి. లోపల చర్చిల్ పుట్టిన గది దగ్గర జనం కిటకిటలాడతారు. నేను నేరుగా సార్జెంట్ అనే చిత్రకారుడు 1905లో వేసిన కుటుంబ చిత్రం దగ్గరికి వెళ్ళా. నిలువెత్తు బొమ్మ, డ్యూక్, ఇద్దరు కొడుకులు, నల్ల గౌనులో ఆమె. ఆమె భర్త కంటే పొడగరి, దాచాల్సింది పోయి చిత్రకారుడు ఆమెని పై మెట్టు మీద నిలబెట్టాడు, అంత పొడుగు మెడతో ఆమె ఒక్కతే కనపడుతుంది బొమ్మలో. మరుసటి ఏడాదే ఇద్దరూ విడిపోయారు. అరగంట నిలబడ్డా, అక్కడి పెద్దావిడ ఒకామె కూర్చోమని కుర్చీ చూపించింది, అడిగినవాటికి ఓపిగ్గా జవాబు చెప్పింది.

భోజనాల దగ్గర డ్యూక్ కంచం ముందుకి తోసేసి ఉంగరం తిప్పుకుంటూ మాట్లాడకుండా కూర్చునేవాడట, ఈమె అల్లిక పని తెచ్చుకునేది. నాకు అన్నిటికంటే పట్టుకున్నది డబ్బాల సంగతి. మధ్యాహ్నం మిగిలింది ఊళ్ళో పేదవాళ్ళకి పంపడానికి బల్ల మీద రేకు డబ్బాలుండేవి, అంతకుముందు మాంసం, కూరలు, స్వీట్లు అన్నీ ఒకే డబ్బాలో కుక్కేసేవారు. ఈమె వచ్చాక దేనికది విడిగా సర్దింది, ఆనవాయితీ తప్పుతున్నావని ఇంట్లోవాళ్ళు అన్నా మానలేదు. పెట్టేది మిగిలిందే అయినా తినేవాళ్ళు మనుషులేనని ఆ ఇంట్లో ఒకరికి తోచింది. బయటికి వచ్చేటప్పుడు ఉత్తరం వైపు వసారా పైకప్పు చూడండి, 1928లో వేయించిన కళ్ళ బొమ్మలుంటాయి, నీలం కళ్ళు డ్యూక్ రెండో భార్య గ్లాడిస్‌వి. ఆమె ఒకప్పుడు కాన్సువేలోకి స్నేహితురాలే.

విడాకులు 1921లో వచ్చాయి. అదే ఏడాది జాక్ బాల్సాన్ అనే ఫ్రెంచాయన్ని ఇష్టపడి చేసుకుంది. 1926లో మొదటి పెళ్ళిని చర్చి రద్దు చేసింది, నేనే బలవంతం చేశానని తల్లి స్వయంగా సాక్ష్యం చెప్పింది. చివరికి ఆ మాట అన్నందుకు ఆల్వా మీద నా కోపం కొంత తగ్గింది, పూర్తిగా తగ్గలేదు.

టిక్కెట్టు ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి, పూర్తిరోజు ఉంచుకోండి, తోటలు నడవలేకపోతే గదులైనా నిదానంగా చూడండి. లోపలి కేఫ్‌లో సూప్, స్కోన్లు బావున్నాయి, ధర ఎక్కువే. ఇద్దరికీ కలిపి ఒక ప్లేటు చాలు. రెండిట్లో ఒక్కటే చూడగలిగితే చిన్నపిల్లలున్నవాళ్ళకి బ్లెన్‌హీమ్, మైదానం ఉంది కాబట్టి. ఈ కథ కోసం వెళ్ళేవాళ్ళకి మాత్రం నేను మార్బుల్ హౌసే చెప్తా.

సాయంత్రం టాక్సీలో బ్లాడన్ అనే పల్లెకి వెళ్ళాం, దగ్గరే. సెయింట్ మార్టిన్స్ చర్చి ఆవరణలో చర్చిల్ సమాధి చుట్టూ జనం ఫోటోలు తీసుకుంటున్నారు. కాన్సువేలో అమెరికాలో 1964 డిసెంబరు 6న పోయింది, చిన్నకొడుకు ఐవర్ సమాధి పక్కన పెట్టమని కోరితే ఇక్కడికే తెచ్చారు. వెతుక్కోవాల్సి వచ్చింది. రాయి మీద బాల్సాన్ అన్న పేరు, పదో డ్యూక్ తల్లి అన్న మాట ఉన్నాయి, డచెస్, అంటే డ్యూక్ భార్య, అని లేదు. చిన్నమ్మాయి మోకాళ్ళ మీద కూర్చుని ఎండుటాకులు తీసేసింది, ఐవర్ రాయి మీదవి కూడా తీయమ్మా అన్నాను.