బిస్కెట్ల పొడికి ఏది మేలు? అన్నీ వాడి చూశాక నా మాట

చీజ్‌కేక్ అడుగు పొరకో, పుడ్డింగ్ మీద చల్లడానికో బిస్కెట్లు పొడి చేయడం నాకు కొన్నేళ్లుగా అలవాటైన పని. ఇందుకు పనికొస్తుందని ఎవరేం చెప్పినా వాడి చూశాను. జిప్ కవరూ అప్పడాల కర్రా, మిక్సీ, తాడు లాగే చాపర్, తురుము పీట, రోలు, చివరికి బరువైన స్టీలు గ్లాసు అడుగు కూడా. ముందే చెప్పేస్తున్నాను, నా ఓటు అప్పడాల కర్రకే. మిక్సీని ఒక్క పనికి మాత్రం బయటికి తీస్తాను. మిగతావి ఈ పనికి అంతంత మాత్రమే.

కర్రతో చేయడం చాలా తేలిక, కానీ రెండు మూడు కిటుకులు తెలియకపోతే పొడి అంతా గట్టు మీద పడుతుంది. కవర్ మందంగా ఉండాలి. బిస్కెట్లు ఒకదాని మీద ఒకటి కాకుండా ఒకే వరసలో పరచాలి. గాలి వీలైనంత బయటికి నొక్కేసి, జిప్‌ను ఓ మూల వేలెడంత తెరిచి ఉంచాలి. పూర్తిగా మూసేస్తే లోపలి గాలికి దారి లేక, నొక్కగానే కవర్ అతుకు దగ్గర పగులుతుంది. మొదట కర్రను దొర్లించకూడదు. నిండు బిస్కెట్ మీద దొర్లిస్తే దాని అంచు కవర్‌ను కోసేస్తుంది. కర్ర కొనతో మెల్లగా పొడిచి ముక్కలు చేశాకే దొర్లించడం మొదలుపెట్టాలి, అదీ మధ్య నుంచి అంచుల వైపు.

ఇంతా చేశాక కూడా అక్కడక్కడా మొండి ముక్కలు మిగులుతాయి. వాటిని వెతుక్కోనక్కర్లేదు. కవర్‌ను నిలబెట్టి నాలుగుసార్లు కుదిపితే పొడి కిందికి జారి పెద్ద పలుకులు పైకి తేలతాయి. అప్పుడు ఆ పై భాగాన్ని మాత్రం మళ్లీ దొర్లిస్తే సరి. మిక్సీలో దొరకని సుఖం ఇదే. ఎక్కడ మెత్తబడిందో, ఎక్కడ ఇంకా బరకగా ఉందో కళ్లకు కనిపిస్తుంది, చేతికి తెలుస్తుంది. పైగా కరిగించిన వెన్నను కాస్త చల్లారాక ఆ కవర్‌లోనే పోసి పైనుంచి పిసికితే, కడగాల్సిన గిన్నె ఒకటి తగ్గుతుంది. చప్పుడు విషయంలో మాత్రం కర్రకు మార్కులు తగ్గించాల్సిందే. కింద మందపాటి తువ్వాలు పరిస్తే కొంత నయం.

మిక్సీ తీసేది చీజ్‌కేక్‌కు, అదీ ఒకటికి మించి చేసేటప్పుడు. 23 సెంటీమీటర్ల గుండ్రటి అచ్చుకు 200 గ్రాముల బిస్కెట్లు, 100 గ్రాముల వెన్న నా లెక్క. ఆ ఒక్కదానికైతే కర్రే చాలు, రెండు మూడు కేకులంటే చేతులు లాగేస్తాయి. జార్‌లో తడి అస్సలు ఉండకూడదు, బ్లేడు దగ్గర చుక్క నీరున్నా అక్కడ ముద్ద కడుతుంది. బిస్కెట్లను చేత్తో తుంచి సగం జార్‌కే వేసి, పల్స్ మీద ఒక్కో సెకను చొప్పున తిప్పుతూ మధ్యలో కుదుపుతుండాలి. ఆపకుండా తిప్పితే అడుగున పిండి, పైన ముక్కలు. ఆ వేడికి బిస్కెట్‌లోని కొవ్వు మెత్తబడి అడుగున అట్ట కడుతుంది కూడా. మసాలాలు నూరే జార్ జోలికి మాత్రం పోవద్దు. ఎంత కడిగినా ఆ వాసన వెన్నకు పట్టేస్తుంది.

పొడి ఎంత మెత్తగా ఉండాలన్నది చేసే వంటను బట్టి ఉంటుంది. అడుగు పొరకు ఇసుకలా ఉండి మధ్యమధ్య చిన్న పలుకులు తగిలితే చాలు. వెన్న ఆ రేణువులకు పట్టి, ఫ్రిజ్‌లో గట్టిపడి, వాటిని కలిపి ఉంచుతుంది. మరీ బరకగా ఉంటే సందులు మిగిలి, కోసేటప్పుడు పొర విడిపోతుంది. మరీ పిండైతే వెన్న ఎక్కువ లాగుతుంది, గట్టిగా అదిమితే చెంచా దిగనంత బిగుసుకుంటుంది. కలిపాక గుప్పెట్లో నొక్కి చూడండి, ముద్ద నిలవాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. గ్లాసుల్లో పొరలు పొరలుగా పేర్చే డెజర్ట్‌లకు మాత్రం కచ్చాపచ్చాగా ఉంటేనే బాగుంటుంది. మెత్తటి పొడి క్రీములోని తడి పీల్చుకుని కాసేపట్లోనే ముద్దవుతుంది.

క్రీమ్ బిస్కెట్లు కొంచెం పేచీ పెడతాయి. కర్ర కింద క్రీమ్ కవర్‌కు అంటుకుని పొడి ఉండలు కడుతుంది. ఓ 20 నిమిషాలు ఫ్రీజర్‌లో పెడితే క్రీమ్ గట్టిపడి బిస్కెట్‌తో పాటే పగులుతుంది. అడుగు పొరకైతే క్రీమ్ గీకెయ్యడం అనవసరమైన చాకిరీ, వెన్న తగ్గిస్తే సరిపోతుంది. 200 గ్రాములకు 60 నుంచి 70 గ్రాములు చాలు. పైన పొడిపొడిగా చల్లాలంటేనే గీకాలి. నమిలితే సాగే మెత్తటి కుకీలను ఏ పనిముట్టూ పొడి చేయలేదు, అణిగి అతుక్కుపోతాయంతే. వాటిని ముక్కలు చేసి ఓవెన్‌లో 150 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు ఉంచి, పూర్తిగా చల్లారనివ్వాలి. వేడి మీద ఇంకా మెత్తగానే ఉన్నాయని టెన్షన్ పడొద్దు, కరకరలాడేది చల్లారాకే.

ఇక మిగిలినవాటి గురించి రెండు ముక్కలు. తాడు లాగే చాపర్‌లో గట్టి బిస్కెట్ బ్లేడు కింద ఇరుక్కుంటుంది, తాడు చేతిని కుదిపేస్తుంది. నేనైతే ఈ పనికి కొనమని చెప్పను. తురుము పీట మీద సన్నటి పొడి అందంగా వస్తుంది, కానీ చివరి ముక్క దగ్గర వేళ్లు జాగ్రత్త. రోట్లో దంచితే పలుకులు బయటికి ఎగురుతాయి. నాలుగైదు బిస్కెట్లే అయితే గిన్నెలో వేసి గ్లాసు అడుగుతో నొక్కెయ్యడం అన్నిటికంటే త్వరగా అయిపోతుంది.

మిగిలిన పొడిని గాలి చొరని డబ్బాలో ఫ్రీజర్‌లో పెడితే రెండు నెలలు బాగానే ఉంటుంది, కరిగించే పని లేకుండా నేరుగా వాడొచ్చు. కవర్‌ను కూడా కడిగి ఆరబెట్టి మళ్లీ వాడతాను. దొర్లించాక కింద పీట మీద సన్నటి పొడి గీత కనిపిస్తే కవర్‌కు చిల్లి పడ్డట్టే, అప్పుడు మార్చేస్తాను.