ప్లాటినం రేటింగున్న మా అపార్టుమెంటు: భద్రత దృష్టితో ఒక సమీక్ష

హైదరాబాదు పశ్చిమ శివారులో, భారత హరిత భవన మండలి (ఐజీబీసీ) నుంచి అత్యున్నతమైన ప్లాటినం రేటింగు పొందిన ఒక బహుళ అంతస్తుల సముదాయంలో మా కుటుంబం నివసిస్తోంది. ఇక్కడ ఫ్లాటు కొనాలా వద్దా అని బంధుమిత్రులు తరచుగా అడుగుతున్నందున ఈ సమీక్ష రాస్తున్నాను. చదరపు అడుగు ధర, క్లబ్‌హౌస్, ఈతకొలను వంటివాటి జోలికి పోకుండా, కరెంటునూ నీటినీ ఆదా చేయడానికి పెట్టిన ఏర్పాట్లు ఆ ఇంట్లో ఉండే మనుషుల ప్రాణాలకు ఎంతవరకు భద్రమన్న ఒక్క విషయానికే పరిమితమవుతాను. స్థానిక భవన నిబంధనలను పాటించడం రేటింగుకు షరతే అయినా, పాయింట్లలో అధిక భాగం నీరు, విద్యుత్తు, సామగ్రి, గాలి వెలుతురుల లెక్క మీదే వస్తాయి. అగ్నిమాపక శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం వేరు, గోడ మీది రేటింగు ఫలకం వేరు.

మొదట మంచి చెప్పాలి. ఎండాకాలంలో పడమటి గదులు కూడా భరించగలిగేంత చల్లగా ఉంటాయి. బయటి గోడలకు వాడిన ఏఏసీ ఇటుకలు (గాలి బుడగలతో చేసిన తేలికపాటి కాంక్రీటు దిమ్మెలు) వేడిని ఆపుతాయి, పైగా నిప్పు అంటుకునే పదార్థం కావు. వేడిని ఆపడానికి గోడల వెలుపల ప్లాస్టిక్ గర్భం ఉన్న అల్యూమినియం రేకులను ఇక్కడ బిగించలేదు. అది చాలా పెద్ద విషయం. లండన్‌లోని 24 అంతస్తుల గ్రెన్‌ఫెల్ టవర్‌కు చలి నుంచి రక్షణ కోసం, చూపు కోసం తొడిగిన అలాంటి తొడుగే 2017 జూన్ 14న మంటలను నిలువునా పైకి పాకించింది. 72 మంది చనిపోయారు. ఆదా కోసం చేసిన మార్పు ప్రాణాల మీదికి ఎలా వస్తుందో అంతకంటే స్పష్టంగా చూపే సంఘటన మరొకటి లేదు.

అసలు ఆందోళన పైకప్పు మీద ఉంది. సోలార్ ప్యానెళ్ల నుంచి వచ్చేది డీసీ కరెంటు, అంటే ఒకే దిశలో పారేది. కింద మెయిన్ ఆపేస్తే, ఆ డీసీని ఇళ్లకు పనికొచ్చే ఏసీగా మార్చే ఇన్వర్టర్ ఆగుతుంది కానీ, ఎండ ఉన్నంతసేపు ప్యానెళ్ల నుంచి ఇన్వర్టర్ దాకా వచ్చే తీగల్లో వందల వోల్టులు అలాగే ఉంటాయి. మన ఇళ్లలోని, దిశ మారుతూ ఉండే ఏసీ కరెంటు సెకనుకు నూరుసార్లు సున్నాను దాటుతుంది కాబట్టి వదులు కనెక్షన్ దగ్గర లేచిన నిప్పురవ్వ ఆరిపోయే అవకాశముంది. డీసీకి ఆ విరామం లేదు, రవ్వ లేస్తే మండుతూనే ఉంటుంది. ఇది తెలిసినవారెవరైనా ఇన్వర్టర్లను పైకప్పు మీదే, నీడలో, మెట్లకు దూరంగా పెట్టి డీసీ తీగల దారిని వీలైనంత కుదించాలి. మా బ్లాకులో వాటిని మెట్ల పై గదిలో, అంటే పైకి తప్పించుకుని వచ్చేవారు దాటవలసిన తలుపు పక్కనే బిగించారు. ప్యానెళ్ల కరెంటును ఇన్వర్టర్‌కు చేరకుండా విడదీసే స్విచ్చు, అంటే డీసీ ఐసొలేటర్ ఉన్న పెట్టెకు తాళం వేసి, తాళంచెవిని కింద నిర్వహణ కార్యాలయంలో ఉంచారు. రాత్రి కాపలాదారుకు ఆ పెట్టె ఎందుకున్నదో తెలియదు. ప్యానెళ్ల వరుసల మధ్య మనిషి నడిచే దారి కూడా చాలా ఇరుకు. గొట్టం పట్టుకున్న అగ్నిమాపక సిబ్బంది అక్కడ ఎలా తిరుగుతారు?

పోడియం (కింది అంతస్తుల కప్పు) మీది తోట చూడముచ్చటగా ఉంటుంది. అయితే వాన నీటితో తడిసిన మట్టి ఒక అడుగు మందంలో చదరపు మీటరుకు దాదాపు ఆరు వందల కిలోల బరువు వేస్తుంది. మనుషులు తిరిగే మామూలు మిద్దెకు ప్రమాణాల్లో లెక్కించే చరభారం (మనుషులు, సామాన్ల వంటి మారే బరువు) చదరపు మీటరుకు నూటయాభై కిలోలే. ఇక్కడ స్లాబును తోట కోసమే డిజైన్ చేశారనీ, మట్టిలో కొబ్బరి పొట్టు కలిపి బరువు తగ్గించారనీ నక్షాలు చూసి నిర్ధారించుకున్నాను. ఈ విషయంలో బిల్డరుకు పూర్తి మార్కులు ఇస్తాను. చిక్కంతా దారి దగ్గర వచ్చింది. అగ్నిమాపక వాహనం భవనం దగ్గరికి రావడానికి వదలవలసిన దారి 45 టన్నుల బరువును మోయగలగాలని 2016 జాతీయ భవన నిర్మాణ స్మృతి చెబుతోంది. నీరు ఇంకడానికి ఆ దారి అంచున గడ్డి మొలిచే బోలు పలకలు పరిచి, వాటి మీద పెద్ద సిమెంటు కుండీల్లో చెట్లు నాటారు. వెడల్పు కొలత కాగితం మీద సరిపోతుంది, కుండీల మధ్య సరిపోదు. సంఘం పట్టుబట్టాక కొన్నింటిని తీశారు.

సెల్లారులో విద్యుత్ వాహనాల ఛార్జింగ్ పాయింట్లు లిఫ్టు లాబీ తలుపుకు ఆనుకుని ఉన్నాయి. 2022 సెప్టెంబరులో సికింద్రాబాదులో కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో మంటలు లేచి, మెట్ల గుండా పైనున్న లాడ్జిలోకి పొగ ఎక్కి ఎనిమిది మంది మరణించారు. ఆ ఘటన జరిగిన నగరంలోనే కడుతున్నప్పుడు ఛార్జర్లను ర్యాంపుకు, గాలి బయటికి పోయే ఫ్యాన్లకు దగ్గరగా పెట్టాలని తోచకపోవడం నన్ను బాధించింది. స్ప్రింక్లర్లు, పొగ లాగే ఫ్యాన్లు పనిచేస్తున్నాయి. అయినా లిథియం బ్యాటరీ మంటను నీటితో ఆర్పడానికి చాలాసేపు పడుతుంది, ఆర్పాక కూడా మళ్లీ అంటుకోవచ్చు. ప్రతి అంతస్తులోనూ ఎలక్ట్రికల్ డక్టు (తీగలు అన్ని అంతస్తులకూ నిలువుగా వెళ్లే గూడు) తలుపు తెరిపించి చూశాను. సోలార్ తీగలు తరువాత లాగినట్లున్నారు. వాటి చుట్టూ ఉన్న కంతలను అగ్నినిరోధక పదార్థంతో పూడ్చకుండా వదిలేశారు, కొన్నిచోట్ల అరచేయి పట్టేంత సందు ఉంది. కింది పొగ పైదాకా వెళ్లడానికి అంతకన్నా పెద్ద దారి అక్కర్లేదు. ఫిర్యాదు చేసిన తరువాత పూడ్చారు, ఖర్చు బిల్డరే భరించారు.

మురుగునీటి శుద్ధి విభాగం బాగానే నడుస్తోంది. శుద్ధి చేసిన నీటి పైపులకు వేరే రంగు వేశారు. తోట కుళాయిల దగ్గర మాత్రం ‘తాగరాదు’ అనే బోర్డు లేదు, పిల్లలు ఆడుకునేది అక్కడే. ట్యాంకు శుభ్రం చేసేటప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు వల్ల దిగినవారు క్షణాల్లో స్పృహ కోల్పోవచ్చు. మురుగు కాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి రక్షణ పరికరాలు లేకుండా మనుషులను దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. ఇక్కడి కాంట్రాక్టరు వద్ద గ్యాస్ డిటెక్టర్ ఉందో లేదో కొనేముందు అడిగి చూడండి. సమాధానం కోసం కాదు, డిటెక్టర్‌ను కళ్లతో చూడటం కోసం.

ఇల్లుగా దీనికి అయిదులో నాలుగు ఇస్తాను, భద్రతలో మూడే. ఇన్వర్టర్లను మెట్ల గది నుంచి మార్చి, ఐసొలేటర్ తాళం తీసి, డీసీ తీగల దారి చూపే నక్షాను గేటు దగ్గర అతికించిన రోజున ఆ మూడును నాలుగుగా మారుస్తాను.