లైన్ రాకముందే ఓటీపీ చెప్పకండి

ఇంటికి ఫైబర్ ఇంటర్నెట్ ఉన్నవాళ్లు, పెట్టించుకోవాలనుకుంటున్నవాళ్లు ఇది చివరిదాకా చదవండి. లైన్ పోయిందని ఫిర్యాదు చేశాక కంపెనీ మనిషి ఫోన్ చేసి "మీకో ఓటీపీ వచ్చింది, చెప్పండి మేడమ్" అంటే, మీ ఇంట్లో నెట్ తిరిగి వచ్చేదాకా ఆ అంకెలు చెప్పకండి. నేను చెప్పాను. ఒకసారి కాదు, నాలుగుసార్లు. 23 రోజులు మా ఇంట్లో నెట్ లేదు. కంపెనీ రికార్డులో మాత్రం మా లైన్ ఒక్కసారి కూడా మూడు రోజులకు మించి పోలేదు. ఈ రెండూ ఎలా కుదిరాయో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కంపెనీ పేరు రాయడం లేదు. మా కాలనీలో వేరే వేరే కనెక్షన్లు ఉన్నవాళ్లను అడిగితే ఇంచుమించు ఇదే చెప్పారు. పేరు చూసి "మాది అది కాదులే" అని ఎవరూ వదిలేయకూడదు.

మాది హైదరాబాద్‌లో హబ్సిగూడ వైపు. నేను ఇంటి నుంచే మెడికల్ కోడింగ్ పని చేస్తాను. రోజుకు ఇన్ని ఫైళ్లు అని లెక్క ఉంటుంది, నెట్ లేకపోతే ఆ రోజు నా ఖాతాలో సున్నా. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. 2025 జూన్‌లో కొత్త కనెక్షన్ తీసుకున్నప్పుడు, ఏడాదికి ఒకేసారి కడితే రెండు నెలలు అదనంగా ఇస్తామన్నారు. నెలకు 799 చొప్పున 12 నెలలకు 9,588, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంతా కలిపి 11,314 రూపాయలు కట్టేశాం. మొదటి రెండు నెలలు చాలా బాగా పనిచేసింది. ఆ మాట దాచను.

ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి శోభాయాత్ర రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. మాకు చాలా దగ్గర ఆ ఊరేగింపు జరిగిన చోటు. ఆ తర్వాత కరెంటు స్తంభాలకు వేలాడుతున్న కేబుళ్లను నగరంలో చాలాచోట్ల కత్తిరించారు. మా లైన్ కూడా పోయింది. ఆ నాలుగు రోజుల గురించి నేను ఎవరినీ అడగలేదు, ఇప్పుడూ తప్పు పట్టను. ప్రాణాలు పోయాయి, నెట్ ఎంత. నాలుగో రోజు కొత్త తీగ లాగి కనెక్షన్ ఇచ్చారు. అయితే హడావిడిలో స్తంభం దగ్గర వేసిన జాయింట్‌కు పెట్టె పెట్టకుండా టేపు చుట్టి వదిలేశారు. అది మాకు నెల తర్వాత తెలిసింది.

సెప్టెంబర్ 9, మంగళవారం పొద్దున్నే మోడెమ్ మీద ఎల్‌ఓఎస్ అనే ఎర్ర లైటు వెలిగింది. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది తెలియక నేను మొదటి రెండు రోజులు వృథా చేసుకున్నాను. ఫైబర్‌లో వచ్చేది కాంతి. ఆ కాంతి మోడెమ్‌కు చేరడం లేదని చెప్పేదే ఈ ఎర్ర లైటు. వైఫై పాస్‌వర్డ్‌తోగానీ, మన ఫోన్‌తోగానీ, సెట్టింగులతోగానీ దీనికి సంబంధం లేదు. తీగ ఎక్కడో తెగింది, లేదా గట్టిగా వంగింది, లేదా జాయింట్ పాడైంది. మోడెమ్ వెనక తీగ ఊడిందేమో, మంచం కాలి కింద నలిగిందేమో ఒకసారి చూసుకోండి. అది బాగానే ఉంటే ఆపి ఆన్ చేసినా ఏమీ మారదు. అయినా కస్టమర్ కేర్‌లో ప్రతిసారీ ముందు అదే చేయిస్తారు. నాతో పదకొండుసార్లు చేయించారు.

ఆ రోజు యాప్‌లో ఫిర్యాదు పెట్టాను. సాయంత్రం ఫోన్ వచ్చింది.

"మేడమ్, ఏరియా మొత్తం ప్రాబ్లమ్ ఉంది. రేపటికి వచ్చేస్తుంది. ఇప్పుడు మీకు ఓటీపీ వస్తది, చెప్పండి, టీమ్‌కి అసైన్ చేస్తా."

చెప్పాను. నిమిషం తిరక్కముందే మెసేజ్ వచ్చింది: మీ ఫిర్యాదు పరిష్కారమైంది, ధన్యవాదాలు. ఏదో పొరపాటు అనుకుని మర్నాడు మళ్లీ ఫిర్యాదు చేశాను. కొత్త నంబర్ ఇచ్చారు. పాత నంబర్ చెబితే "అది క్లోజ్ అయింది మేడమ్, మీ సమస్య తీరినట్టు మీరే కన్ఫర్మ్ చేశారు" అన్నారు. ఆ ఓటీపీ పని మొదలుపెట్టడానికి కాదు, ముగిసిందని ఒప్పుకోవడానికి. వచ్చిన ఎస్సెమ్మెస్‌లో ఆ విషయం రాసే ఉంది. ఫోన్‌లో మాట్లాడుతూ అంకెలు మాత్రమే చూశాను, పైనున్న వాక్యం చదవలేదు. మీరు చదవండి.

రెండో ఫిర్యాదుకు కూడా ఫోన్‌లో ఇంచుమించు ఇదే మాట చెప్పి ఓటీపీ తీసుకున్నారు. అప్పటికీ నాకు బుద్ధి రాలేదని మీరు అనొచ్చు. అవతల పని ఆగిపోయి, మేనేజర్ నుంచి మెసేజ్‌లు వస్తుంటే, "చెప్తేనే మనిషి వస్తాడు" అన్నప్పుడు ఎవరైనా చెప్పేస్తారు.

మూడోసారి నిజంగానే ఒక అబ్బాయి వచ్చాడు. మంచివాడు. చేతిలో చిన్న మీటర్ ఉంది, తీగ చివర పెట్టి చూశాడు. వస్తున్న కాంతి బలం మైనస్ 31 అని చూపించింది. మామూలుగా ఇళ్లలో పెట్టే మోడెమ్‌లకు మైనస్ 27 దాకా ఉంటేనే కాంతి అందుతుందని, అంతకన్నా కిందికి పోతే ఎర్ర లైటేనని చెప్పాడు. కింద స్తంభం దగ్గరికి వెళ్లి చూసి వచ్చి, "జాయింట్‌లోకి నీళ్లు పోయినయ్ మేడమ్. స్ప్లైసింగ్ మిషన్ (తీగలు అతికించేది) వేరే టీమ్ దగ్గర ఉంది, రేపు పంపిస్తా. ఈ టికెట్ మాత్రం క్లోజ్ చేయాలి, ఇయ్యాల్టి లోపు చేయకపోతే నా జీతంలో కట్ చేస్తరు" అన్నాడు. వానలో తడిసి వచ్చాడు. కాదనలేకపోయాను. నాలుగో ఫిర్యాదు కూడా ఇలాగే, ఇంకొక అబ్బాయి, అదే మాట. ఆ పిల్లల మీద నాకు కోపం లేదు. ఫిర్యాదు ఎంత త్వరగా మూశారన్నదే చూసి, లైన్ వచ్చిందా అని చూడని పద్ధతి పెట్టినవాళ్ల మీద ఉంది.

ఐదోది ఓటీపీ లేకుండానే మూసేశారు. కారణం: కస్టమర్ ఇంట్లో లేరు. ఆ రోజు నేను, మా మామయ్యగారు, మా అబ్బాయి ముగ్గురం ఇంట్లోనే ఉన్నాం. ఎవరూ తలుపు కొట్టలేదు, ఫోన్ రాలేదు. మధ్యలో కస్టమర్ కేర్ నుంచి ఇంకొకరు మోడెమ్ పాడైంది, 2,500 కడితే కొత్తది ఇస్తామన్నారు. మైనస్ 31 గురించి నాకు అప్పటికే తెలుసు కాబట్టి కట్టలేదు. ఆ మీటర్ అంకె అడిగి తెలుసుకోండి, ఫోటో తీసి పెట్టుకోండి. తప్పు తీగలో ఉందా మోడెమ్‌లో ఉందా అని తేల్చేది అదే.

ఈ టెన్షన్‌లో ఇంకో ప్రమాదం కొద్దిలో తప్పింది. నా అవస్థ చూడలేక మామయ్యగారు నెట్‌లో కంపెనీ కస్టమర్ కేర్ నంబర్ వెతికి తన ఫోన్ నుంచి చేశారు. అవతలివాడు చాలా మర్యాదగా మాట్లాడి, ఒక యాప్ వేసుకోమని, ఫిర్యాదు రిజిస్ట్రేషన్‌కు 10 రూపాయలు పంపమని చెప్పాడు. అది మన ఫోన్ స్క్రీన్ అవతలివాడికి కనిపించే యాప్. మా అబ్బాయి చూసి ఫోన్ లాక్కుని కట్ చేశాడు. నంబర్ కావాలంటే మీ బిల్లు మీద ఉన్నదే తీసుకోండి, వెతికితే దొరికిన నంబర్ నమ్మకండి. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ మాట ఇవాళే చెప్పండి. డబ్బు పోయిందంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

సెప్టెంబర్ 28 రాత్రి ఆరో ఫిర్యాదు పెట్టాను. ఈసారి ఎవరు ఎన్నిసార్లు అడిగినా ఓటీపీ చెప్పలేదు. "నెట్ వచ్చాక, స్పీడ్ చూసుకున్నాక చెప్తాను బాబూ" అని ఒకటే మాట. మర్నాడు మూడు ఫోన్లు, ఆ మర్నాడు ఐదు. సద్దుల బతుకమ్మ రోజు కూడా చేశారు. మూయలేని ఫిర్యాదు పైవాళ్లకు కనబడినట్టుంది, అక్టోబర్ 1 మధ్యాహ్నం మిషన్‌తో ఇద్దరు వచ్చి, పాత జాయింట్ కోసేసి కొత్తగా అతికించి, పెట్టె బిగించారు. మీటర్ మైనస్ 21 చూపించింది. పని మొత్తం అరగంట. ఆ అరగంట పని కోసం 23 రోజులు.

నష్టపరిహారం అడిగితే అప్పుడు తగిలింది అసలు దెబ్బ. లైన్ మూడు రోజులకు మించి పనిచేయకపోతే అద్దెలో, అంటే నెలవారీ ప్లాన్ చార్జీలో, తగ్గింపు ఇవ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2006 నాటి బ్రాడ్‌బ్యాండ్ నాణ్యతా నిబంధనల్లోనే పెట్టింది. 15 రోజులు దాటితే ఒక నెల అద్దె. నాకు వచ్చిన జవాబు ఇది: మా రికార్డు ప్రకారం మీకు ఆరు ఫాల్టులు వచ్చాయి, ఐదు 24 గంటల్లోపు, ఒకటి మూడు రోజుల్లోపు సరిచేశాం, కాబట్టి మీకు తగ్గింపు వర్తించదు. నేను చెప్పిన ప్రతి ఓటీపీ ఆ 23 రోజులను ముక్కలుగా కోసింది. ఏ ముక్కా మూడు రోజులు దాటలేదు.

అయినా వదల్లేదు. కస్టమర్ కేర్ పైన ప్రతి పెద్ద కంపెనీలో అప్పిలేట్ అథారిటీ ఉండాలని ట్రాయ్ 2012 నిబంధన. ఫిర్యాదు మీద వచ్చిన జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోపు అప్పీలు చేసుకోవచ్చు, రూపాయి ఖర్చు లేదు, 39 రోజుల్లో తేల్చాలి. కంపెనీ వెబ్‌సైట్‌లో ఎక్కడో అడుగున ఉంటుంది, ఓపిగ్గా వెతకండి. ట్రాయ్‌కే నేరుగా రాస్తే పని అవుతుందని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నాను. విడి విడి ఫిర్యాదులను ట్రాయ్ విచారించదు.

అక్టోబర్ 8న అప్పీలు పెట్టాను. ఎర్ర లైటు ఫోటోలు నా ఫోన్‌లో తొమ్మిది రోజులవి ఉన్నాయి, మేనేజర్‌కు పంపడానికి తీసినవి. ఫోన్‌లో తీసిన ఫోటోకు తేదీ, టైము ఉంటాయి కదా, అవే నన్ను కాపాడాయి. వాటితో పాటు ఆరు ఫిర్యాదుల డాకెట్ నంబర్లు, కాల్ లిస్టు స్క్రీన్‌షాట్లు, ఆ రోజుల్లో మొబైల్ డేటాకు చేసిన రీచార్జిల రసీదులు జత చేశాను. నవంబర్ 14న జవాబు వచ్చింది. ఒక నెల అద్దె జమ చేశారు. 23 రోజుల అంతరాయం అనే మాట ఎక్కడా రాయలేదు, "సద్భావంతో" అని రాశారు. పోగొట్టుకున్న జీతం సంగతి ఎత్తలేదు.

ఈలోపు అక్టోబర్ చివర్లో మోంథా తుపాను వానలకు లైన్ మళ్లీ పోయింది. ఇక నా వల్ల కాక వేరే కనెక్షన్ తీసుకున్నాను, ఈసారి నెల నెలా కట్టేది. రేటు కొంచెం ఎక్కువే. అయినా, ముందే ఏడాది డబ్బు ఇచ్చేస్తే మన మాటకు ఉన్న బలమంతా పోతుంది. నెల నెలా కట్టేవాళ్లు మారిపోతారన్న భయం వాళ్లకు ఉంటుంది. ఎంత ఆఫర్ ఇచ్చినా మొదటి ఆరు నెలలు, ముఖ్యంగా ఒక వానాకాలం దాటేదాకా ఏడాది ప్లాన్ జోలికి పోకండి. చేరేముందు మీ వీధిలో అదే కంపెనీ లైన్ ఉన్నవాళ్లను స్పీడ్ ఎంత అని కాదు, పోతే ఎన్ని రోజులకు వస్తుందని అడగండి.

మిగిలిన నెలల డబ్బు వెనక్కి అడిగితే ఆఫర్ ప్లాన్ కాబట్టి ఇవ్వమన్నారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను, కాగితాలన్నీ సిద్ధం చేసుకున్నాను. ఫోన్, ఇంటర్నెట్ కంపెనీల మీద అక్కడ కేసు నడవదని కొందరు భయపెడతారు. నడుస్తుందని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో స్పష్టంగా చెప్పింది. మనం కంపెనీకి కట్టిన డబ్బు 5 లక్షల దాకా ఉంటే ఫీజు లేదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు, లాయర్ తప్పనిసరి కాదు. రెండేళ్లలోపు వేయాలి.

మొన్న మోడెమ్ తీసుకుపోవడానికి ఒక అబ్బాయి వచ్చాడు. డబ్బా చేతికి ఇవ్వకముందే ఫోన్ మోగింది, ఓటీపీ. "చెప్పండి మేడమ్, టైమ్ అవుతుంది" అన్నాడు. మోడెమ్ వెనక సీరియల్ నంబర్ ఫోటో తీసుకున్నాను. ఒక తెల్ల కాగితం ఇచ్చి, ఆ నంబర్, తేదీ, ముట్టినట్టు రాసి సంతకం పెట్టమన్నాను. రాసిచ్చాడు. కాగితం బీరువాలో పెట్టి వచ్చి, ఎస్సెమ్మెస్ మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివి, అప్పుడు చెప్పాను ఓటీపీ.