కొక్కెం కర్రతో రెండేళ్లు

నా కుడి తుంటి కీలు మార్చి రెండేళ్లు దాటింది. 90 డిగ్రీలు దాటి వంగకూడదు, కాలు మీద కాలు వేసుకోకూడదు లాంటి జాగ్రత్తలు చాలామందికి చెప్పేవే. నా దిగులు వేరు. లంగా తల మీంచి వేసుకోవచ్చు, చీర నిలబడి కట్టుకోవచ్చు. మరి లోపలి బట్టలు? మొదటి పది రోజులు మా కోడలే వేసింది. ఏ రోజూ విసుక్కోలేదు, మొహం పక్కకి తిప్పుకుని నెమ్మదిగా తొడిగేది. నాకే ప్రాణం చచ్చిపోయేది.

ఫిజియోథెరపీకి వచ్చే అమ్మాయి ఈ కర్ర కొనిపించింది. చివర ఒక కొక్కెం, అంతే. ఎత్తు కుర్చీలో కూర్చుని, నడుం పట్టీని కొక్కేనికి తగిలించి నేల దాకా దించాలి. ఆపరేషన్ అయిన కాలు ముందు దూర్చాలి, విప్పేటప్పుడు ఆ కాలు ఆఖరున తియ్యాలి. మోకాళ్ల పైకి వచ్చాక చేత్తో అందుకోవడమే. నాలుగు రోజుల సాధన తర్వాత గదిలోకి ఒక్కదాన్నే వెళ్లి తలుపు వేసుకున్నాను. గడియ మాత్రం పెట్టొద్దన్నారు మావారు. ఆ రోజు ఎంత సంతోషపడ్డానో మాటల్లో చెప్పలేను.

దీనితోపాటు కొన్న పట్టకారు కర్ర సంగతీ చెప్పాలి. పిడి నొక్కితే అవతలి కొస బట్టని పట్టుకుంటుంది, మడిస్తే సంచిలో పడుతుంది. అందుకే రాజమండ్రిలో పెళ్లికి అదొక్కటే తీసుకెళ్లాను. పొద్దున్నే లాడ్జి గదిలో బట్ట కుడి పాదానికి ఎక్కించి పైకి లాగుతున్నా. టప్‌మని శబ్దం. గొట్టం లోపలి తీగ తెగిపోయింది, పట్టు ఊడి వేలాడుతోంది. మావారు కాఫీకి కిందికి వెళ్లారు, ఫోన్ అటు బల్ల మీద ఉంది. పాదానికి బట్టతో లేస్తే కాలికి చుట్టుకుని పడతానని భయం. చేతికి అందింది మంచం మీద ఇస్త్రీ చీర తగిలించిన ఇనప హ్యాంగరు. చీర తీసేసి, దాన్ని రెండు చేతులా సాగదీసి, దాని కొక్కేనికే పట్టీ తగిలించి లాగాను. వచ్చింది! చెమటలు పట్టేశాయి గానీ వచ్చింది. అప్పటినుంచి పొడుగైనా సరే, కొక్కెం కర్ర లేకుండా ఊరు వెళ్లను.

అయితే అన్నీ నేనే వేసుకున్నానంటే నిజం కాదు. ఆపరేషన్ తర్వాత వేసే బిగుతు మేజోళ్లు ఈ కర్రతో కుదరలేదు, ఉన్నన్నాళ్లూ కోడలే తొడిగింది. బాత్‌రూమ్‌లో పెట్టడం వల్ల వానాకాలంలో కొక్కెం మీది ప్లాస్టిక్ ఊడి, తుప్పు పట్టి, మంచి లంగా ఒకటి దారం లేచింది. మావారు సైకిల్ ట్యూబు ముక్క తొడిగారు, ఇప్పుడు మంచం పక్కన మేకుకి వేలాడుతోంది.

నా చేతుల్లో బలం ఉంది కాబట్టి నాకు సరిపోయింది. మా వదినకి వేళ్లలో కీళ్లవాతం, ఈ సన్న కర్ర ఆవిడ పిడికిట్లో తిరిగిపోతోంది. పాత తువ్వాలు చుట్టి లావు చేసి ఇచ్చాను. చేతికి అందనంత దూరం జారిన లంగాని దగ్గరికి లాక్కోగలుగుతోంది. లోపలి బట్టలకి మాత్రం ఇంకా వాళ్లమ్మాయినే పిలుస్తోంది.